పాత ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఐ7 ఉంటే చాలా?

చాలదు, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఐ5నా, ఐ7నా అన్నదాని కన్నా ముందు అది ఎన్నో తరానిదో చూడాలి. ఐ5, ఐ7 అన్నవి ఒకే తరంలోని మోడళ్ల స్థాయిని చెప్పే గుర్తులు మాత్రమే. తరం మారితే లోపలి నిర్మాణమే మారిపోవచ్చు.

ఇంటెల్ 2016లో తెచ్చిన ఐ7-7500యు ప్రాసెసర్‌లో ఉన్నవి 2 కోర్లు (ప్రాసెసర్‌లో పనులు చేసే భాగాలు). మరుసటి ఏడాది వచ్చిన ఐ5-8250యులో 4. ఒకేసారి నాలుగైదు పనులు నడిపేటప్పుడు పేరుకు చిన్నదైన ఐ5దే పైచేయి. గీత తర్వాతి 7, 8 అంకెలే తరాన్ని చెబుతాయి (పదో తరం నుంచి రెండంకెలు). పైగా విండోస్ 11కు అధికారిక మద్దతు ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ర్యామ్ పెంచితే ఏ పాత యంత్రమైనా కొత్తదవుతుందని చాలామంది నమ్మకం. ర్యామ్ తక్కువై నెమ్మదించిన యంత్రానికి అది పనికొస్తుంది గానీ ప్రాసెసర్ తరాన్ని మార్చలేదు. పలుచని మోడళ్లు చాలావాటిలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, పెంచే వీలే ఉండదు.