బాత్రూమ్ రేడియేటర్: ధర చూసే ముందు వాట్లు చూడండి

ప్రశ్న: మా ఇంట్లో గదులన్నీ గ్యాస్ బాయిలర్ వేడినీళ్లు తిరిగే రేడియేటర్లతోనే వెచ్చబడతాయి. ఇప్పుడు బాత్రూమ్ బాగు చేయిస్తున్నాం. షాపులో మూడు రకాలు చూపించారు. ఒకటి మామూలు తెల్ల ప్యానెల్. రెండోది దానికి మూడింతల ధర ఉన్న క్రోమ్ టవల్ రైల్ (టవళ్లు ఆరేసుకునే కమ్మీల రేడియేటర్). మూడోది అన్నిటికంటే చవకైన ఎలక్ట్రిక్ టవల్ రైల్, దీనికి ప్లంబర్ పనే ఉండదట. ఇంట్లో అందరికీ క్రోమ్‌దే నచ్చింది. బడ్జెట్ దాటుతోంది కాబట్టి ఈఎంఐలో తీసుకుందామా అని ఆలోచిస్తున్నాం. ఏది మేలు?

జవాబు: మీ అసలు ఖర్చు షాపులో కట్టే డబ్బుతో అయిపోదు. బిగించడానికి ఒక ఖర్చు, ఆ తర్వాత పది పదిహేనేళ్ల పాటు బిల్లుల్లో పడే ఖర్చు ఇంకొకటి. ఈ మూడూ కలిపి చూస్తే మీ లిస్టులో చవకైనది ఖరీదైనదిగా తేలవచ్చు.

ముందు ఎలక్ట్రిక్ సంగతి చూద్దాం. 600 వాట్ల రైల్‌ని రోజుకి 2 గంటల చొప్పున ఏడాదిలో 200 రోజులు వాడితే 240 యూనిట్లు అవుతుంది. అదే ఆపకుండా వదిలేస్తే 2,880 యూనిట్లు! థర్మోస్టాట్ ఉంటే మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి అంత కాకపోవచ్చు, కానీ పన్నెండు రెట్ల తేడా ఎక్కడి నుంచి వస్తుందో గమనించండి. మీ కరెంటు బిల్లులో యూనిట్ ధర తీసుకోండి. గ్యాస్ బిల్లులో కిలోవాట్ అవర్ (అదీ ఒక యూనిట్టే) ధరని 0.9తో భాగించండి, ఎందుకంటే మంచి బాయిలర్ కూడా సుమారు పదో వంతు వేడిని పొగగొట్టంలో వదిలేస్తుంది. ఈ రెండు అంకెల తేడాని పై యూనిట్లతో గుణిస్తే ఎలక్ట్రిక్ రైల్ మీకు ఏడాదికి అదనంగా ఎంత తింటుందో తెలుస్తుంది. ప్లంబర్ కూలీ మిగిలిందన్న సంతోషం ఎన్నేళ్లు నిలుస్తుందో అప్పుడు చూసుకోండి. ఉదయం గంటసేపే వాడే ఇల్లయితే, టైమర్ ఉన్న ఎలక్ట్రిక్ రైల్ తప్పేం కాదు. రోజంతా వెచ్చగా ఉండాలనుకునే ఇంటికి మాత్రం నేను వద్దంటాను.

ఇక క్రోమ్. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మెరిసే లోహం వేడిని తక్కువగా వెదజల్లుతుంది. అదే కొలత, అదే ఆకారంలో పెయింట్ వేసినదానితో పోలిస్తే క్రోమ్ పూత ఉన్నది సుమారు 20 నుంచి 30 శాతం తక్కువ వేడి ఇస్తుంది. దాని మీద తడి టవళ్లు కప్పితే గదిలోకి వచ్చే వేడి ఇంకా తగ్గుతుంది. అంటే ఎక్కువ డబ్బిచ్చి తక్కువ వేడి కొంటున్నారు. అది చాలక తర్వాత చిన్న ఫ్యాన్ హీటర్ ఒకటి తెచ్చుకుంటే ఖర్చు రెండింతలు.

కేటలాగ్‌లో రాసే వాట్లని కూడా యథాతథంగా నమ్మవద్దు. ఆ అంకె సాధారణంగా రేడియేటర్‌లో నీళ్ల సగటు వేడి 70 డిగ్రీలు, గది 20 డిగ్రీలు ఉన్నప్పటిది. బాత్రూమ్ మనకి 22 నుంచి 24 డిగ్రీలు ఉంటేనే హాయిగా ఉంటుంది. నీళ్ల వేడి అంతే ఉన్నా, గది 24 దగ్గర ఉంటే దాదాపు పదో వంతు తగ్గుతుంది. బాయిలర్‌ని తక్కువ వేడిలో నడిపి సగటు 50 డిగ్రీలే ఉంచితే, 20 డిగ్రీల గదిలో కూడా కేటలాగ్ అంకెలో సగమే వస్తుంది. రేపు హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లాగి, నీళ్లని తక్కువ వేడిలోనే పంపే కరెంటు యంత్రం) పెట్టించే ఆలోచన ఉంటే ఈ లెక్క మరీ ముఖ్యం.

అందుకే నా సలహా, షాపువాళ్లు మీకు చూపించని నాలుగో రకం: పెయింట్ వేసిన టవల్ రైల్, మీ గదికి కావాల్సిన వాట్ల లెక్క కంటే ఒక సైజు పెద్దది. టవళ్లు ఆరతాయి, గదీ వెచ్చబడుతుంది. పెద్దది పెడితే బిల్లు పెరుగుతుందని టెన్షన్ వద్దు. థర్మోస్టాటిక్ వాల్వ్ ఉంటే గది వేడెక్కగానే నీళ్లు తగ్గిపోతాయి. పైగా రేడియేటర్లన్నీ పెద్దవైతే బాయిలర్‌ని తక్కువ వేడిలో నడపవచ్చు. కండెన్సింగ్ బాయిలర్‌కి (పొగలోని ఆవిరి వేడిని కూడా పట్టుకునే రకం) తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆ ఆదా మొదలవుతుంది, ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ. గోడ మీద రైల్‌కి చోటు చాలకపోతే తెల్ల ప్యానెల్ తీసుకుని, టవళ్లకి కొక్కేలు పక్కన పెట్టించండి. చూడ్డానికి సాదాగా ఉన్నా పెట్టిన డబ్బుకి అదే ఎక్కువ వేడినిస్తుంది.

కొనేముందు పాత రేడియేటర్ పైపుల మధ్య దూరం కొలవండి. కొత్తదానికీ అదే దూరం ఉంటే టైల్స్ పగలగొట్టే పని తప్పుతుంది. కొన్ని సందర్భాల్లో రేడియేటర్ ధర కంటే ఆ పని ఖర్చే ఎక్కువ. తేమని బయటికి పంపే ఫ్యాన్ పాడై ఉంటే మాత్రం ముందు దాన్ని మార్చండి. ఎంత మంచి రేడియేటరైనా గాలి కదలని గదిలో బూజుని ఆపలేదు.

ఈఎంఐ వద్దు. వడ్డీ లేదన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో చూడండి, రొక్కానికిచ్చే తగ్గింపు వదులుకుంటున్నారేమో అడగండి. మూడు నెలల ఇంటి ఖర్చుకి సరిపడా డబ్బు పక్కన లేకపోతే, కేవలం అందం కోసం అప్పు చేయడం నాకు అస్సలు ఇష్టం లేదు. పెయింట్ రైల్ తీసుకుంటే మీకు ఆ అవసరమే రాకపోవచ్చు.

బిగించాక ప్లంబర్ చేత సిస్టమ్ నీళ్లలో తుప్పు పట్టకుండా ఆపే ఇన్హిబిటర్ ద్రవం కలిపించి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. చాలా కంపెనీలు వారంటీ క్లెయిమ్ వచ్చినప్పుడు దాని గురించి అడుగుతాయి.