దాదా, ఏతే మాఛ్ ఆఛే?

ప్రశ్న: మావారికి కోల్‌కతా బదిలీ అయింది, వచ్చే నెల సాల్ట్‌లేక్‌లో కాపురం పెడుతున్నాం. నేను పూర్తి శాకాహారిని, గుడ్డు కూడా తినను. అక్కడ బయట తినాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో యాప్ పెట్టుకుని బెంగాలీ మొదలెడితే అది 'అబ్బాయి పుస్తకం చదువుతున్నాడు' దగ్గరే తిరుగుతోంది. హోటల్లో కావలసింది అడిగి తినేంత భాష వస్తే చాలు. హిందీతో సరిపోదా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పార్క్ స్ట్రీట్‌లోనో, మాల్‌లోనో అయితే హిందీ, ఇంగ్లిష్ చాలండీ. అసలు బెంగాలీ భోజనం దొరికే పైస్ హోటళ్లలోనే (పాతకాలపు చవక భోజన హోటళ్లు) భాష కావాలి. కాలేజ్ స్ట్రీట్ దగ్గరి స్వాధీన్ భారత్ హిందూ హోటల్ లాంటి చోట అన్నం, పప్పు, కూర, ఆఖరికి నిమ్మచెక్క, అరిటాకు కూడా వేటికవే లెక్క. ఆ రోజు ఏమున్నాయో బోర్డు మీద సుద్దతో బెంగాలీలో రాస్తారు, లేదంటే వడ్డించేవాడు గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు. 'ఆస్తే బోలున్' అంటే నెమ్మదిగా చెప్పండి అని. నన్నడిగితే మీరు అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

ఇక మీ అసలు సమస్య. 'వెజ్' అంటే అందరికీ అర్థమవుతుంది కానీ అక్కడితో ఆగకండి. పెసరపప్పులో చేప తలకాయ వేసి వండటం అక్కడ మామూలు, క్యాబేజీలోనూ వేస్తారు, బచ్చలికూరలో అయితే మరీ ఇష్టంగా వేస్తారు. మిమ్మల్ని మోసం చేయాలని కాదు, వాళ్లకు అది రుచి కోసం పడేది, అంతే. అందుకే ప్రతి గిన్నెనూ చూపించి 'ఏతే మాఛ్ ఆఛే?' అనండి, ఇందులో చేప ఉందా అని. మాఛ్ తీసేసి డిమ్ పెడితే గుడ్డు ఉందా అని అడిగినట్టు. మొగ్లాయి పరోటా చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, లోపల గుడ్డే. 'ఆమి మాఛ్, మాంగ్షో, డిమ్ కిచ్ఛు ఖాయ్ నా' (నేను చేప, మాంసం, గుడ్డు ఏదీ తినను) అని ఒక్కసారి గట్టిగా చెప్పేస్తే చాలాచోట్ల వాళ్లే సర్దుకుని 'ఇది తినండి, అది వద్దు' అంటారు. శాకాహారాన్ని నిరామిష్ అంటారు, పాతకాలపు లెక్కలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండకూడదు. కానీ కాళీపూజ రోజుల్లో ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండిన మేక మాంసాన్ని కూడా 'నిరామిష్ మాంగ్షో' అనే అంటారు, కాబట్టి ఆ ఒక్క మాటనే నమ్ముకోకండి!

వ్యాకరణం జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. 'దిన్' (ఇవ్వండి), 'ఖాబో' (తింటాను), ఈ రెండూ నోటికి పట్టించండి. నీళ్లకూ టీకీ కూడా ఖాబోయే వాడతారు కాబట్టి తాగడానికి వేరే మాట వెతుక్కోనక్కర్లేదు, హిందీలోలాగా ఆడ, మగ తేడా కూడా లేదు. ఆలూ పోస్తో దిన్ (గసగసాల ముద్దతో బంగాళాదుంప), బేగున్ భాజా దిన్ (వేయించిన వంకాయ), ధోకార్ డాల్నా దిన్ (శనగపప్పు బిళ్లల కూర, చేప లేని వంటల్లో నాకు ఇదే ఇష్టం). ఇంకొంచెం అన్నం కావాలంటే 'ఆరెక్టు భాత్ దిన్', చాలంటే 'థాక్ థాక్'. థాక్ అనడం ఆలస్యమైతే ఆకు నిండిపోతుంది. నలుగురు వెళ్తే 'ఆమ్‌రా చార్‌జొన్', వస్తువులైతే ఏక్‌టా, దూటో, తిన్‌టే, చార్‌టే. బిల్లుకు 'కొతో హోలో?' అంటే సరి. లిపి తర్వాత నేర్చుకోవచ్చు గానీ అంకెలు మాత్రం వెళ్లేలోపే చూసుకోండి, ఎందుకంటే బెంగాలీ 4 అచ్చం మన 8లా ఉంటుంది, 7 ఏమో 9లా కనిపిస్తుంది. 40 రూపాయల కూరను 80 అనుకుని లేచి వచ్చేస్తే నష్టం మీకే.

కారం తక్కువగా ఉందనిపిస్తే 'కాఁచా లొంకా దిన్' అనండి, పచ్చిమిరపకాయలు తెచ్చి ఆకులో వేస్తారు. పెరుగన్నం లేకపోతే భోజనం పూర్తికాదు కదా మనకు, అప్పుడు ఉత్త దోయి అడక్కండి, తియ్యటి మిష్టి దోయి తెచ్చిపెడతారు. 'టొక్ దోయి' అనాలి, పుల్ల పెరుగు.

ప్రశ్న: మాది భీమవరం. ట్రైనింగ్‌కి కోల్‌కతా వెళ్తున్నా. చేపల పేర్లు చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటా.
– ఒక పాఠకుడు

జవాబు: మీకు నేను చెప్పేదేముంది! రుయి అంటే శీలావతి, కాత్లా అంటే బొచ్చె, భేట్కీ అంటే పండుగప్ప, చింగ్‌డీ అంటే రొయ్య. మీ జిల్లా నుంచి ఐసు పెట్టెల్లో లారీలెక్కి వెళ్లిన రుయే మీ ప్లేటులోకి రావచ్చు. అక్కడివాళ్లు దాన్ని 'చాలానీ' అని, అంటే బయటినుంచి వచ్చిన సరుకని, కాస్త చిన్నచూపు చూస్తారు, మనసులో పెట్టుకోకండి. ఇలిష్ అంటే మన పులసే. వరదల్లో గోదావరికి ఎదురీదితే పులస, అక్కడ గంగలో అదే జాతి ఇలిష్. ముళ్లు తెలిసినవే కదా, 'పేటీ దిన్' అంటే పొట్ట ముక్క వేస్తారు, గాదా అంటే వీపు ముక్క, సన్నముళ్లన్నీ అందులోనే. షొర్షే ఇలిష్‌లో ఆవముద్ద, ఆవనూనె రెండూ ముక్కుదాకా వస్తాయి, మొదటి రోజే తిని తీర్పు చెప్పకండి.

ప్రశ్న: వడ్డించేవాళ్లను ఏమని పిలవాలి? వచ్చేటప్పుడు ధన్యవాదాలు చెప్పాలా?
– ఇంకో పాఠకురాలు, వరంగల్

జవాబు: దాదా, ఆడవాళ్లైతే దీది. మరీ కుర్రాడైతే భాయ్. ధొన్యొబాద్ అనే మాట ఉంది గానీ హోటళ్లలో పెద్దగా వినిపించదు, 'ఖూబ్ భాలో హోయేఛే' (చాలా బాగా కుదిరింది) అనండి. చలికాలంలో వెళ్తుంటే మాత్రం పక్కనున్న మిఠాయి కొట్లో 'నొలెన్ గుడేర్ షొందేశ్ ఆఛే?' అని అడగడం మర్చిపోకండి, కొత్త ఈత బెల్లంతో చేస్తారు, ఎండాకాలం అడిగితే తాజాది దొరకదు.