కార్కసోన్ కోట అసలుదేనా, సెట్టింగా?

దక్షిణ ఫ్రాన్స్‌లోని కార్కసోన్ కోట 19వ శతాబ్దంలో వేసిన సెట్టింగేనట, టూలూజ్ దాకా వచ్చి దానికో రోజు పెట్టడం దండగేనా అని ఒకరు అడిగారు. నేనుండేది టూలూజ్‌లోనే. ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ అక్కడికి తిప్పుకురావడం నా డ్యూటీ అయిపోయింది. దండగేం కాదు, రైల్లో గంట ప్రయాణం.

సెట్టింగన్న మాటలో కొంత నిజముంది. 1659లో స్పెయిన్ సరిహద్దు దక్షిణానికి జరిగాక ఈ కోటతో సైన్యానికి పని తగ్గిపోయింది. 19వ శతాబ్దం నాటికి పాడుబడితే ప్రభుత్వం కూల్చేద్దామనే అనుకుంది. ఊళ్ళో చరిత్ర అభిమానులు అడ్డుపడ్డారు. 1853లో వియోలె-లె-డ్యూక్ అనే ఫ్రెంచ్ వాస్తుశిల్పి మరమ్మతు మొదలుపెట్టాడు. బురుజుల మీద కోసుగా లేచిన నల్ల పలకరాతి కప్పులు ఆయన చలవే. అది ఉత్తర ఫ్రాన్స్ పద్ధతని అప్పట్నుంచీ తిడుతూనే ఉన్నారు. నాకూ నచ్చవు.

కప్పులు చూసి గోడల్ని కొట్టిపారేయకండి. నార్బోన్ ద్వారం దగ్గర బొమ్మకత్తుల కొట్ల వీధిలో పడకుండా, రెండు ప్రాకారాల మధ్య ఖాళీ జాగాలోకి తిరగండి. దాన్ని 'లిస్' అంటారు, టికెట్ అక్కర్లేదు. 1209లో క్రూసేడ్ సైన్యం (పోప్ పిలుపు మీద మతయుద్ధానికి వచ్చినవాళ్ళు) చుట్టుముట్టినప్పుడు బయటి గోడ లేదు. అప్పుడు ఊరు లొంగింది గోడ విరిగి కాదు, ఎండల్లో నీళ్ళకి కటకటై. ఊరు ఫ్రాన్స్ రాజు చేతికొచ్చాక రెండో గోడ లేచింది. ఓరుగల్లులో రాతికోట, మట్టికోట చూసినవాళ్ళకి ఈ జోడు గోడల పద్ధతి కొత్తేం కాదు.

బయటి బురుజుల్లో చాలావాటికి ఊరివైపు గోడే ఉండదు. శత్రువు పట్టుకున్నా లోపలి గోడ మీంచి వచ్చే బాణాలకి వాడికి చాటు దొరక్కూడదని. లిస్‌ని చదును చేసిందీ అందుకే.

ఆ చదునులోనే నాకు బాగా ఇష్టమైన వింత ఉంది. ఉత్తరం వైపు లోపలి గోడ చూడండి: చిన్న చదరపు రాళ్ళ వరుసలు, మధ్యమధ్య ఎర్ర ఇటుక పట్టీలు. అది రోమన్లనాటిది. 13వ శతాబ్దంలో నేల తవ్వేసరికి దాని పునాదులు బయటపడ్డాయి, కింద కొత్త రాతికట్టు పెట్టి నిలబెట్టారు. అంచేత కొన్నిచోట్ల పాత గోడ పైన, దాదాపు వెయ్యేళ్ళు కొత్తది కింద! పిల్లలకి చెబితే వంగి మరీ చూస్తారు.

శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్ళండి. అక్కడ పేరున్న వంటకం కసూలే. గింజల కూరే కదా అనుకుంటారు, అందులో బాతు, పంది మాంసం వేస్తారు.