మూత్రంలో మంట: మాత్రకంటే ముందు కల్చర్

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఆరు నెలల్లో ఇది మూడోసారి మూత్రంలో మంట రావడం. మొదటి రెండుసార్లు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు రెండు రోజులు వేసుకుంటే తగ్గింది. ఈసారి అవే వేసుకున్నా తగ్గలేదు. డాక్టరు గారు యూరిన్ కల్చర్ రాశారు. రిపోర్టుకు మూడు రోజులట. అందాకా మా అక్క దగ్గర మిగిలిన సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. కల్చర్ అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి, అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష. శాంపిల్ ఇచ్చేముందు ఒక్క మాత్ర పడినా ల్యాబులో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. రిపోర్టులో 'నో గ్రోత్' అని వస్తుంది, మంట మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పటికే వేసుకున్న మాత్రల అట్ట దాచి డాక్టరు గారికి చూపించండి. చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో కూడా చెప్పండి.

ఈ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా ఈ.కోలై అనే బ్యాక్టీరియా వల్ల వస్తాయి. అది మన పేగుల్లోనే ఉంటుంది. యాంటీబయాటిక్ వేసుకున్న ప్రతిసారీ పేగుల్లో ఆ మందుకు లొంగేవి చచ్చి, లొంగనివి మిగులుతాయి. తర్వాత మూత్రాశయానికి పాకేది ఆ మిగిలినవే. మీకు మూడోసారి మాత్ర పనిచేయకపోవడానికి ఇదే కారణం కావచ్చు. అక్కయ్య గారి మాత్రలు వేసుకుంటే ఇంకో మందుకు కూడా ఇదే గతి పట్టవచ్చు. పైగా సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు రోగి, డాక్టరు వివరాలు షాపువాళ్లు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. 2014 మార్చి 1 నుంచి ఈ నియమం ఉంది.

శాంపిల్ పట్టడంలోనే చాలామంది పొరబడతారు. ల్యాబువాళ్లిచ్చే స్టెరైల్ (క్రిములు లేని) డబ్బానే వాడండి, ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. ముందు మంచినీళ్లతో ముందునుంచి వెనక్కి కడుక్కోండి. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను 10–20 మిల్లీలీటర్లు పట్టండి. మూత లోపలివైపు వేలు తగలనివ్వకండి. రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. అనువైన వేడిలో ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఎండాకాలం డబ్బాను బ్యాగులో మధ్యాహ్నం దాకా తిప్పితే, చర్మం మీదనుంచి పడిన నాలుగు క్రిములే రిపోర్టులో పెద్ద ఇన్ఫెక్షన్‌గా కనబడతాయి.

శాంపిల్ ఇచ్చాక మంట భరించలేకపోతే ఆ రోజే డాక్టరు గారిని అడగండి. నైట్రోఫ్యురాంటాయిన్ లాంటి యాంటీబయాటిక్ మొదలుపెట్టి, రిపోర్టు చూసి అవసరమైతే మారుస్తారు. రిపోర్టులో 'ఎస్' అంటే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగుతుందని, 'ఆర్' అంటే లొంగదని. అయినా 'ఎస్' ఉన్న మందు మీరే కొనుక్కోకండి, మందును, ఎన్ని రోజులన్నదీ డాక్టరు గారినే నిర్ణయించనివ్వండి.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉన్నా, గర్భంతో ఉన్నా రిపోర్టు కోసం ఆగకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా రెండేళ్ల బాబుకు యాంటీబయాటిక్ పొడి సిరప్ రాశారు. నీళ్లు ఎలా కలపాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సీసాను తట్టి అడుగున గట్టిపడిన పొడిని వదులు చేయండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు సీసా మీది గీతకు సగం దాకా పోసి బాగా ఊపండి. నురగ దిగాక గీత వరకు నింపి మళ్లీ ఊపండి. నీళ్లన్నీ ఒక్కసారే పోస్తే పొడి అడుగున ఉండలు కడుతుంది. మొదటి డోసుల్లో మందు తక్కువ, చివరివాటిలో ఎక్కువ పడతాయి. పోసే ప్రతిసారీ ఊపండి. వంటింటి చెంచా వద్దు, డోసును సిరంజితో కొలవండి. అమాక్సిసిలిన్-క్లావులనేట్ అయితే ఫ్రిజ్‌లో ఉంచి, ఏడు రోజుల తర్వాత మిగిలింది పారేయండి.