సొమ్మొకడిది, సోకొకడిది: సోకా, షోకా?

సందేహం: మొన్న ఎం.వి.పి. కాలనీలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. మా అమ్మాయి తన జీతంతో కొనుక్కున్న పట్టుచీర కట్టుకుని, నా కాసులపేరు వేసుకుంది. వెనక వరసలో ఒకావిడ 'సొమ్మొకడిది, సోకొకడిది' అంది. మనసు చివుక్కుమంది. కాసేపటికి నగల్లేకుండా వచ్చిన ఇంకో పిల్లని చూసి 'బోసి మెడేసుకుని వచ్చేసింది' అన్నదీ ఆవిడే. ఈ సామెతలో సొమ్ము అంటే డబ్బా, నగలా? సోకు ఒప్పా, షోకు ఒప్పా? ఆడంబరం, ఆర్భాటం కూడా ఇవేనా? అప్పుడప్పుడు కథలు రాస్తుంటాను, ఏది రాయాలో చెప్పండి. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

సమాధానం: ముందు సోకు సంగతి చూద్దాం. అరబ్బీలో 'షౌక్' అంటే కోరిక, మక్కువ. ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. పాటలు వినడం ఒక షౌక్, పావురాలు పెంచడం ఒక షౌక్. తెలుగులోకి వచ్చేసరికి అర్థం ఇరుకైపోయి అద్దం ముందుకు చేరింది. షికారు సికారైనట్టే షోకు సోకైంది. రెండూ ఒప్పే. 'దయ్యం సోకింది', 'గాలి సోకింది' అన్నప్పటి సోకు మాత్రం వేరు. అది తాకడం అనే అర్థమున్న మన మాట. ముస్తాబైన పిల్లని చూసి కొందరు పెద్దవాళ్ళు ఆ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు, అది వేరే విషయం.

సొమ్ము ఇంకా రుచైన మాట. సంస్కృతంలోని 'స్వం', అంటే 'తనది' అనే మాటకు ఇది వికృతి. డబ్బూ సొమ్మే, నగలూ సొమ్ములే. ఉత్తరాంధ్ర పల్లెల్లో పశువులనూ సొమ్ములంటారు. ఇంటికి ఆస్తి అంటే అవే కాబట్టి ఒక్క మాట అన్నిటికీ సరిపోయింది. ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ నిజం. పొలం, ఇల్లు మగవాళ్ళ పేర ఉండేవి. ఆమెదంటూ చెప్పుకోగలిగింది చాలాసార్లు ఒంటి మీదున్నదే. తన స్వాధీనంలోని ఆస్తికి హిందూ స్త్రీ పూర్తి హక్కుదారు అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ తేల్చి చెప్పింది. కురుపాం మార్కెట్లో కూతురికి గొలుసు కొంటూ 'ఎన్ని కాసులు, మజూరి ఎంత, తరుగెంత' అని గీచిగీచి అడిగే తల్లిని చూడండి. ఆమె చేసేది సోకు బేరం కాదు, సొమ్ము బేరం.

సామెతలోని సొమ్ముకు మాత్రం డబ్బు, ఆస్తి అనే అర్థమే చెప్పుకోవాలి. ఒకరు సంపాదిస్తే ఇంకొకరు కులకడం అని భావం. 'ఒకడిది' అనే మాట గమనించారా? సంపాదించినవాడూ మగవాడే, కులికినవాడూ మగవాడే. మామగారి సొమ్ముతో చలువ చొక్కా తొడిగే అల్లుడికి అతికినట్టు సరిపోయే సామెత. దాన్ని మీ అమ్మాయి మీదికి విసిరారు. చీర తన జీతం, కాసులపేరు తల్లిది. పాత ధర్మశాస్త్రం ప్రకారం చూసినా స్త్రీధనానికి ముందు వారసులు కూతుళ్ళే. ఆవిడ మాట ఏ లెక్కనా నిలవదు.

సొగసుకాడు నలిగి సోగ్గాడైంది, అది మగవాడికి మెప్పు. దానికి జోడుగా ఉండాల్సిన సొగసుకత్తె పుస్తకాల్లో ఉండిపోయింది. ఆడవాళ్ళకు వాడుకలో మిగిలినవి సోకులాడి, టెక్కులాడి, వగలాడి. అన్నీ వేలెత్తి చూపే మాటలే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీరు చెప్పిన రెండో మాట, బోసి. పళ్ళు రాలిపోతే బోసినోరు. పెళ్ళయ్యాక పందిరి తీసేస్తే వాకిలి బోసిపోతుంది. అంటే ఉండాల్సింది లేకపోతేనే బోసి. మగవాడి మెడను బోసిమెడ అని ఎవరైనా అనగా నేను వినలేదు. ఆడపిల్ల మెడలో నగ ఉండి తీరాలన్న తీర్పు ఆ విశేషణంలోనే ఉంది, విడిగా చెప్పక్కర్లేదు. నగ పెడితే సోకు, తీస్తే బోసి. పాపం ఆ పిల్లలు ఎటు వెళ్ళాలి?

ఆడంబరం, ఆర్భాటం నిజానికి చెవికి సంబంధించిన మాటలు. ఆడంబరమంటే వాద్యాల మోత, ఏనుగు ఘీంకారం అని అమరకోశం. ఆర్భాటంలోనూ మొదట ఉన్నది పెద్ద అరుపే. 'అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను' అన్న వేమన పద్యంలో ఆ పాత అర్థం ఇంకా వినిపిస్తుంది. అక్కడ మోగేది కంచు. మోగనిది బంగారం! ఇప్పుడేమో ఆ మాటే బంగారం పెట్టుకున్నవాళ్ళకు అంటగట్టేశాం. వాడుకలో రెండూ ఒకటే అయిపోయాయి. నా మట్టుకు చప్పుడు ఎక్కువైన చోట ఆర్భాటం అంటాను. డీజే పెట్టి ఊరేగితే ఆర్భాటం, ఆహ్వానపత్రికకు వెండిరేకు వేయిస్తే ఆడంబరం. కాసులపేరు ఏ మోతా చేయదు, దానికి రెండూ వద్దు.

ఇక మీ కథ. కంచరపాలెం మామ్మ నోట 'ఓలమ్మా, ఏటీ సోకు' అనే రాయండి. కాలేజీకెళ్ళే మనవరాలు షోకు అంటే షోకు అనే ఉంచండి. ప్రూఫులు దిద్దేవారు రెంటినీ ఒకటి చేయబోతే ఒప్పుకోకండి.