పగటి నిద్రకు గడియ పెట్టుకో

దేవరకొండ

బిడ్డా,

మిర్యాలగూడ రైస్ మిల్లులో నువ్వు రాత్రిపూట కాంటా దగ్గర కూర్చోవడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. అప్పుడే మూడుసార్లు జలుబు, ఒకసారి గొంతునొప్పి, జ్వరం. మీ అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఫ్రిజ్ నీళ్లనూ పెరుగునూ తిడుతోంది. పెరుగు పాపం ఏం చేసింది? పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి, పదకొండింటికి అన్నానికి లేస్తున్నావట. నా అనుమానం అక్కడ.

అమెరికాలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆరు గంటలకన్నా తక్కువ పడుకున్నవాళ్లకు, ఏడు గంటలు దాటి పడుకున్నవాళ్లకన్నా జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లుంది. ఇంకొకటి, నేను టీకాలు వేసిన మనిషిని కాబట్టి మరిచిపోలేదు: వరుసగా కొన్ని రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చి కుర్రాళ్లకు ఫ్లూ టీకా వేస్తే, పది రోజులకు వాళ్లలో తయారైన, రోగంతో పోరాడే యాంటీబాడీలు మామూలుగా పడుకున్నవాళ్లలో సగం కూడా లేవు. మందు అదే, ఒళ్లే అందుకోలేదు.

నేనూ తక్కువ తినలేదులే. నైట్ డ్యూటీ రోజుల్లో పగలు బట్టలుతుక్కుని, పిల్లలకు వండిపెట్టి, మిగిలిన మూడు గంటలు పడుకునేదాన్ని. ఒక తెల్లవారుజామున ఇంజెక్షన్ సీసా మీద పేరు చదివాను, సిరంజిలోకి ఎక్కించాను. ఎందుకో మళ్లీ చూస్తే వేరే మందు. చేతులు వణికాయి. ఆ వారం నుంచే పగలు పడుకునే గదికి గడియ పెట్టడం మొదలుపెట్టాను.

తెల్లవారుజామున మూడింటి తర్వాత చాయ్ ముట్టకు, అది ఒంట్లో గంటలకొద్దీ ఉంటుంది. బండి మీద ఇంటికొచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోకు, అసలే నిద్ర కళ్లు. వచ్చాక మాత్రం వెలుతురులో కూర్చోకు. కొంచెం తిని గదిలోకి వెళ్లిపో. ఫోన్ బయటి గదిలో వదిలెయ్. ఆదివారం ఒక్కరోజే పన్నెండు గంటలు పడుకుంటే వారం లోటు తీరదు, రోజూ ఒకే వేళకు ఏడు గంటలు కావాలి. గురక పెట్టి ఊపిరాడనట్టు ఉలిక్కిపడి లేస్తుంటే మాత్రం నా చిట్కాలు వద్దు, డాక్టర్‌కు చూపించుకో.

మీ పెదనాన్న శుక్రవారం అటు వస్తున్నాడు. ఆయనతో ముదురు రంగు దుప్పటి పంపిస్తున్నా, కిటికీకి మేకులు కొట్టి కట్టు. కూలర్ గడ్డి కూడా మార్పించు. పదకొండింటికి లేపొద్దని మీ అమ్మకు నేనే చెబుతా, నువ్వు చెబితే అన్నం చల్లారిపోతుందని గొడవ పెట్టుకుంటుంది.

మీ పెద్దమ్మ