మందుకు లొంగిన గడ్డ మళ్లీ ఎందుకు లేస్తుంది?

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గురించి, దాని మందుల గురించి పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. అది అంత చోటు అడిగే ఉత్తరం.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. అరికాలి మీది మచ్చ మెలనోమా అని తేలింది. ఊపిరితిత్తులకు పాకాక, బీఆర్ఏఎఫ్ అనే జన్యువులో మార్పు ఉందేమో చూసే పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మాత్రలు మొదలుపెట్టారు. మూడో నెల స్కాన్‌లో గడ్డలు దాదాపు కనిపించలేదు. మధ్యలో రెండుసార్లు విపరీతమైన చలిజ్వరం వస్తే డాక్టరుగారే కొన్ని రోజులు మాత్రలు ఆపమన్నారు. పదో నెలలో గడ్డలు మళ్లీ కనిపించాయి. ఆ జ్వరాలప్పుడు మాత్రలు ఆపకుండా ఉంటే బాగుండేదని అమ్మ రోజూ ఏడుస్తోంది. నాన్న ఒళ్లు మందుకు అలవాటు పడిపోయిందా?
– పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఈ పేరా అమ్మగారికి చదివి వినిపించమ్మా. ఆ జ్వరం మాత్రల వల్ల వచ్చేదే. ఈ రెండు మందులూ కలిపి వాడేవారిలో సగం మందికి పైగా వస్తుంది. అలాంటప్పుడు కొన్ని రోజులు ఆపి, జ్వరం తగ్గాక మళ్లీ మొదలుపెట్టడం ప్రపంచమంతటా డాక్టర్లు చేసే పనే. ఆ కాస్త విరామం వల్ల గడ్డలు తిరిగి రాలేదు. ఇదే జంట మందులు వాడిన 563 మందిని ఐదేళ్లపాటు గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. వారిలో సగం మందికి 11 నెలలు తిరిగేసరికే వ్యాధి మళ్లీ పెరిగింది. ఐదేళ్లకు కూడా పెరగకుండా ఉన్నది 19 శాతం మందిలోనే. అంటే మీ ఇంట్లో జరిగింది ఈ మందు వాడిన చాలా ఇళ్లలో జరిగింది. మీరెవరూ ఏ తప్పూ చేయలేదు.

ఇక ఎందుకు తిరిగి వచ్చిందో చెబుతాను. చర్మ కణం బయటినుంచి వచ్చే కబురును బట్టి పెరుగుతుంది, విభజన చెందుతుంది. ఆ కబురు పైపొర నుంచి కేంద్రకం దాకా వరసగా కొన్ని ప్రొటీన్ల మీదుగా వెళుతుంది. ఆర్ఏఎస్, ఆర్ఏఎఫ్, ఎంఈకే, ఈఆర్‌కే అనేవి ఆ వరస. మీది గోదావరి ఒడ్డు కాబట్టి కాలువ అనుకో. ఆర్ఏఎఫ్ ఆ కాలువ మీద లాకు, బీఆర్ఏఎఫ్ అందులో ఒక రకం. అవసరమైనప్పుడు తెరుచుకోవాలి, తర్వాత మూసుకోవాలి. 2002లో ఇంగ్లండ్‌లోని శాంగర్ సంస్థ శాస్త్రవేత్తలు ఒక విషయం కనిపెట్టారు. చాలా మెలనోమాల్లో బీఆర్ఏఎఫ్ ప్రొటీన్‌లో 600వ స్థానంలో వాలిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట గ్లుటామిక్ ఆమ్లం ఉంటోంది. ఆ ఒక్క మార్పుతో లాకు తెరుచుకుని అలాగే బిగిసిపోతుంది. పైనుంచి కబురు రాకపోయినా కణం పెరుగుతూనే ఉంటుంది. నాన్నగారి రిపోర్టులో ‘వీ600ఈ’ అని ఉంటే దాని అర్థం ఇదే.

డాబ్రాఫెనిబ్ ఆ లాకును మూస్తుంది. ట్రామెటినిబ్ దాని దిగువన ఎంఈకే దగ్గర ఇంకో తలుపు వేస్తుంది. నీరు ఆగుతుంది, గడ్డ కరుగుతుంది. అయితే ఒక గడ్డలో కోట్ల కణాలుంటాయి. అవన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటిలో బీఆర్ఏఎఫ్ జన్యువుకు అదనపు కాపీలు ఉంటాయి. మందు పట్టుకోలేనంత ప్రొటీన్ అక్కడ తయారవుతుంది. కొన్నింటిలో లాకుకు ఎగువనున్న ఆర్ఏఎస్‌లో ఒక రకమైన ఎన్ఆర్ఏఎస్ మారి ఉంటుంది. కొన్ని బీఆర్ఏఎఫ్‌ను కురచగా కత్తిరించి తయారు చేసుకుంటాయి. కొన్నింటిలో ఎంఈకే కూడా మారుతుంది. 2010లో లాస్ ఏంజెలిస్‌లో ‘రోజర్ లో’ అనే శాస్త్రవేత్త బృందం రోగుల నుంచి తీసిన గడ్డల్లోనే చూసి చెప్పింది: కొందరిలో ఎన్ఆర్ఏఎస్ మారింది, ఇంకొందరిలో కణం పైపొర మీద పీడీజీఎఫ్ఆర్ అనే, కబురు అందుకునే గ్రాహకం పెరిగి, వేరే దారిలో కబురు పంపుతోంది. ఒకే మనిషి ఒంట్లో రెండు గడ్డలు రెండు వేర్వేరు దారులు పట్టడమూ చూశారు. అందుకే ‘ఇంకో మాత్ర వేస్తే సరిపోతుంది కదా’ అనే ప్రశ్నకు సులువైన జవాబు లేదు.

నేను ల్యాబ్‌లో పనిచేసిన కాలంలో ఏ375 అనే మెలనోమా కణాలను పెంచేదాన్ని. ఎర్రటి ద్రవంలో, 37 డిగ్రీల వేడిలో అవి పళ్లెం నిండా పాకుతాయి. బీఆర్ఏఎఫ్ మందు కలిపితే కొద్ది రోజుల్లోనే పళ్లెం ఖాళీ అయిపోతుంది. కొత్తగా చేరిన విద్యార్థులు అది చూసి సంబరపడేవారు. ద్రవం మారుస్తూ, మందు ఆపకుండా వారాల తరబడి ఓపిక పడితే అక్కడక్కడ చిన్న చుక్కల్లా కణాల గుంపులు లేచేవి. మైక్రోస్కోపు కింద వాటి ఆకారం కూడా కాస్త వేరుగా ఉండేది. అక్కడ మాత్ర మరిచిపోయే మనిషి లేడు, జ్వరం లేదు, తిండిలో తేడా లేదు. అయినా లేచేవి. అమ్మగారికి ఇది కూడా చెప్పు. అలవాటు పడింది నాన్నగారి ఒళ్లు కాదు. గడ్డలో తట్టుకోగల కణాలు కొన్ని మిగిలాయి, అవి పెరిగాయి.

ఇంకో హెచ్చరిక కూడా ఇవ్వాలి. విరామం ఇచ్చి వాడితే మందు ఎక్కువ కాలం పనిచేస్తుందని ఎలుకల్లో చేసిన ప్రయోగాలు 2013లో ఆశ కల్పించాయి. తర్వాత అమెరికాలో మనుషుల్లో పరీక్షించారు. మొదటి ఎనిమిది వారాల తర్వాత కొందరికి రోజూ మాత్రలిచ్చారు, కొందరికి మూడు వారాలు ఆపి ఐదు వారాలు ఇచ్చారు. రోజూ వాడినవారిలో వ్యాధి 9 నెలలు అదుపులో ఉంది, ఆపి ఆపి వాడినవారిలో అయిదున్నర నెలలే. కాబట్టి డాక్టరు చెప్పకుండా సొంతంగా ఆపే ప్రయోగం ఎవరూ చేయొద్దు.

ఇప్పుడేం చేయాలి? పెరిగిన గడ్డకు మళ్లీ బయాప్సీ చేసి జన్యు పరీక్ష చేయడం వల్ల ఉపయోగం ఉంటుందా అని డాక్టరుగారిని అడగండి. ఇమ్యునోథెరపీ గురించి తప్పకుండా అడగండి. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్, ఇపిలిముమాబ్ ఆ కోవలోవి. అవి ఈ కాలువ జోలికే పోవు, మన రక్షణ కణాల మీద ఉన్న అడ్డు తొలగిస్తాయి. ఆ అడ్డు తొలగించి క్యాన్సర్‌కు చికిత్స చేయవచ్చని కనిపెట్టినందుకే 2018లో జేమ్స్ ఆలిసన్‌కు, తసుకు హొంజోకు నోబెల్ ఇచ్చారు. అరికాలి మెలనోమాలో ఇవి ఎండ వల్ల వచ్చే మెలనోమాలో పనిచేసినంతగా పనిచేయవు, ఖర్చు కూడా మామూలు కుటుంబం మోయగలిగేది కాదు. ఈ రెండూ దాచిపెట్టి నీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా అడగాల్సిన ప్రశ్న అదే.

బీఆర్ఏఎఫ్ మార్పు ఉన్నవారికి మాత్రల కన్నా ముందు ఇమ్యునోథెరపీ ఇస్తే మేలని ఒక పెద్ద పరీక్షలో తేలింది. రెండేళ్లకు బతికి ఉన్నవారు ఇమ్యునోథెరపీతో మొదలుపెట్టినవారిలో 72 శాతం, మాత్రలతో మొదలుపెట్టినవారిలో 52 శాతం. ఇది చదివి మళ్లీ కుమిలిపోవద్దు. వ్యాధి వేగంగా పాకుతున్నప్పుడు త్వరగా పనిచేసేవి మాత్రలే, అందుకే డాక్టర్లు చాలాసార్లు వాటితోనే మొదలుపెడతారు.

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. బీఆర్ఏఎఫ్‌ను ఆపే మందు వాడితే కొందరికి చర్మం మీద ఇంకో రకం క్యాన్సర్ వస్తుందట. ఆపే మందే ఎలా పెంచుతుంది?
– విద్యార్థి, వరంగల్

జవాబు: ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన విషయం అడిగావు బాబూ. మామూలు కణంలో ఆర్ఏఎఫ్ ప్రొటీన్లు జంటగా పనిచేస్తాయి. మందు జంటలో ఒకదాన్ని పట్టుకుంటే, రెండోది మరింత చురుకవుతుంది. బీఆర్ఏఎఫ్ మారిన మెలనోమాలో ఆ ప్రొటీన్ ఒంటరిగానే పనిచేస్తుంది కాబట్టి మందు దాన్ని ఆపగలదు. పక్కనే ఉన్న మామూలు చర్మ కణంలో, ముఖ్యంగా ఎండ వల్ల అప్పటికే ఆర్ఏఎస్ మారి ఉన్న కణంలో, అదే మందు పెరుగుదలను ఎగదోస్తుంది. 2011 ఆగస్టులో అమెరికాలో అనుమతి పొందిన వెమురాఫెనిబ్ వాడినవారిలో ఇలా స్క్వేమస్ అనే చర్మపు పైపొర కణాల గడ్డలు కనిపించాయి. వాటిలో చాలావాటికి ఆర్ఏఎస్ మార్పు ఉందని మరుసటి ఏడాదే తేలింది. అదృష్టవశాత్తు వాటిని కోసి తీసేయవచ్చు. ఎంఈకే మందు కూడా కలిపి ఇస్తే అవి బాగా తగ్గాయి. జంట మందులు రావడానికి ఇదొక కారణం.

పెద్దపేగు క్యాన్సర్‌ను కూడా చదువు. అదే వీ600ఈ, అదే మందు, కానీ ఒంటరిగా ఇస్తే గడ్డ కదలదు. బీఆర్ఏఎఫ్ మూయగానే పేగు కణం ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకాన్ని మేల్కొల్పుతుంది. అందుకే అక్కడ ఎన్‌కోరాఫెనిబ్‌కు సెటుక్సిమాబ్ జతచేస్తారు, 2020 నుంచి అది అనుమతి ఉన్న చికిత్స. మార్పు ఏమిటో తెలిస్తే చాలదు, అది ఏ కణంలో ఉందో కూడా తెలియాలి.

క్యాన్సర్ మందుకు ఎదురుతిరగడం ఈ కాలపు కథ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ల్యాబ్ నుంచి వెళ్లిన అమినోప్టెరిన్ అనే మందును అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది, కానీ ఆ గుణం నిలవలేదు. 1948లో ప్రచురించిన ఆ పత్రం శీర్షికలోనే ‘తాత్కాలిక ఉపశమనాలు’ అని రాశారు. ఆ మందుకు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్ కణాలు జన్యువు కాపీలు పెంచుకుని ఓడిస్తాయని 1978లో తెలిసింది. పైన చెప్పిన బీఆర్ఏఎఫ్ కాపీల సంగతితో పోల్చి చూడు. మన ఊరివాడి మందు దగ్గర మొదలైన ప్రశ్న నీ తరం చేతికి వచ్చింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏదైనా తీసుకోవాలనుకుంటే ఇది తీసుకో.

ప్రశ్న: పసుపులోని కర్‌క్యుమిన్ ఇవే సంకేత మార్గాలను ఆపుతుందని వాట్సాప్‌లో వచ్చింది. మాత్రల బదులు వాడవచ్చా?
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: వద్దు. ల్యాబ్ పళ్లెంలో కణాల మీద నేరుగా పోస్తే చాలా పదార్థాలు చాలా మార్గాలను ఆపుతాయి. నోటితో తీసుకున్న కర్‌క్యుమిన్ రక్తంలోకి చేరేది బహు తక్కువ. కూరలో పసుపు హాయిగా తినండి. గాఢమైన క్యాప్సూల్స్ ఏవైనా వాడుతుంటే మాత్రం డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: చామనఛాయ వాళ్లకు చర్మ క్యాన్సర్ రాదంటారు. నిజమేనా?
– పాఠకురాలు, కర్నూలు

జవాబు: తక్కువ. రాదని కాదు. ఆస్ట్రేలియాలో తెల్లని చర్మం మీద ఎండ చేసే హాని మనకు చాలావరకు లేదు. కానీ అరికాలు, అరచేయి, గోటి కింద వచ్చే మెలనోమాకు ఎండతో పని లేదు, చర్మం రంగుతోనూ పని లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లీ 1981లో 36 ఏళ్లకే పోయింది కాలి వేలి గోటి కింద మొదలైన మెలనోమాతోనే. ఈ రకంలో బీఆర్ఏఎఫ్ మార్పు తక్కువమందిలోనే ఉంటుంది, కొందరిలో కేఐటీ అనే వేరే జన్యువు మారుతుంది. అంటే మాత్రలు పనికొచ్చేవారు మనలో ఇంకా తక్కువ. తొలి దశలోనే కోసి తీసేయడం మీద మనం పెట్టుకోవాల్సిన ఆశ ఎక్కువ.

మన దగ్గర దీన్ని ఆనెకాయ అనుకుంటారు, ముల్లు గుచ్చుకుని నల్లబడిందనుకుంటారు, షుగర్ పుండు అనుకుంటారు. చెప్పుల్లేకుండా పొలంలో నడిచేవారి అరికాలును ఎవరు చూస్తారు? పెద్దవాళ్లలో ఒకే గోటికి కొత్తగా నల్లటి చార వచ్చి వెడల్పు అవుతున్నా, ఆ నలుపు గోరు చుట్టూ చర్మానికి పాకినా, అరికాలి మీద మచ్చ పెరుగుతున్నా, నెల దాటినా మానని పుండు ఉన్నా చర్మ వైద్యులకు చూపించండి. బ్లేడుతో చెక్కొద్దు, ఆకుపసర్లు కట్టి నెలలు గడపొద్దు. బయాప్సీ చేస్తే పాకుతుందన్న భయంతో మా దగ్గరి చుట్టాల్లోనే ఒకావిడ ఏడాది ఆలస్యం చేసింది. బయాప్సీ వల్ల మెలనోమా పాకదు. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల కాళ్లు కడిగి, వెలుతురులో అరికాళ్లు, వేళ్ల సందులు ఒకసారి చూడండి.